రెండు పొలుల నడుమ

అఫ్రోజ్ అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. బిడ్డకు మళ్లీ ఫిట్స్ వచ్చి, సాయం కోసం తాను ఉరికిన చోట "మీరు మా ఊరోళ్లు గాదు" అంటారేమోనని.

ఉత్తగా అల్లుకున్న భయం కాదది. ఆ ఏడు వానలు మొదలైన కొత్తలో నిజంగానే జరిగింది. పగటిపూట అన్నం తినిపిస్తుంటే ఉమైమా ఒళ్లు కాలిపోతూ ఉన్నట్టుండి కట్టెలా బిగుసుకుపోయింది. కళ్లు తేలేసింది. ఇంటాయన షాదాబ్ సిద్దిపేటలో లారీల మెకానిక్ దగ్గర పనికి పోయాడు. అత్త హుస్నాబీకి మోకాళ్లు పట్టుకుని గడప దాటడమే గండం. అఫ్రోజ్ పిల్లను కొంగులో చుట్టుకుని, చెప్పులు కూడా లేకుండా ఒర్రె దాటి తునికిబండకు ఉరికింది. అక్కడి ఆశా వర్కర్ అంజమ్మ వాకిట్లోనే ఉంది. పిల్లను చూసి పాపం ఆమె ముఖమూ మాడిపోయింది. కానీ ఒర్రె అవతలి ఇండ్లు తనవి కావని, మోదుగువాయి వాళ్లవని, మందిచ్చాక ఏమన్నా అయితే తన మెడకు చుట్టుకుంటుందని చెప్పి, అటు పొమ్మని చెయ్యి చూపించింది. మోదుగువాయిలో ఉన్నామె రోడ్డు దాకానే తన డ్యూటీ అని చెప్పింది. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్న అఫ్రోజ్‌ను రోడ్డు కింద ఒర్రె పారే మోరి దగ్గర ఆపింది దుర్గవ్వే.

దుర్గవ్వ మేకలు కాసుకునే ఒంటి మనిషి. పెనిమిటి పోయి చాలా ఏండ్లయింది, పిల్లలు లేరు. ఆమె ఏమీ అడగలేదు. పిల్లను గుంజుకుని, గడ్డి మీద పక్కకు ఒరిగించి పడుకోబెట్టి, మూతి దగ్గర నురగ తుడిచి, తన చీరకొంగే ఒర్రె నీళ్లలో ముంచి ఒళ్లంతా అద్దింది. పిల్ల కెవ్వున ఏడిచాక, రోడ్డుకు అడ్డం నిలబడి ఒక ఆటోను ఆపింది. ఆ ఆటోవాడు అటు పోయేది లేదంటే, నీ తల్లి నిన్ను కన్నదా, కొనుక్కొచ్చుకున్నదా అని అడిగి ఎక్కి కూర్చుంది. సిద్దిపేట దవాఖానలో డాక్టరు పిల్లకు భయం లేదన్నాడు. కానీ ఐదేండ్లు నిండేదాకా జ్వరం ఎక్కువైతే మళ్లీ రావచ్చని, జ్వరం తెలిసిన వెంటనే మందు పడాలని చెప్పాడు.

ఆ మాట అఫ్రోజ్ చెవిలో తేలులా కూర్చుంది. అప్పటి నుంచి గంటకొకసారి పిల్ల నుదురు ముట్టుకోవడం, ముట్టుకున్న చెయ్యే వేడిగా ఉందా అని తన బుగ్గకు ఆనించుకోవడం. అత్త చూసి చూసి, దుల్హన్, ఆ పిల్ల నుదురు అరిగిపోతుంది అని ఉర్దూలో విసుక్కునేది. విసుక్కుంటూనే తానూ ఒకసారి ముట్టుకునేది.

ఆ జాగ ఎట్లుంటుందో చెబితే గాని మిగతా కథ అర్థం కాదు. తునికిబండకు, మోదుగువాయికి నడుమ ఒక ఒర్రె పారుతుంది, ఒక తారురోడ్డు పోతుంది. ఒర్రె వంకర, రోడ్డు తిన్నన. మోరి దగ్గర రెండూ కత్తెర రెక్కల్లా ఒకదాన్నొకటి దాటుతాయి. మోరికి ఎగువన ఒర్రెకు రోడ్డుకు నడుమ ఉన్న చెక్కలో అఫ్రోజ్ వాళ్లది, ఇంకా కొన్ని సాయెబుల ఇండ్లు, దేవుని మందిరానికి పోయే క్రైస్తవుల ఇండ్లు రెండు ఉన్నాయి. కంకర మిషను నడిచిన రోజుల్లో పనికి వచ్చి కట్టుకున్నవి. అందరూ వాటిని కొత్తిండ్లు అంటారు. మోరికి దిగువన అట్లాంటిదే ఇంకో చెక్క, రాళ్ల బీడు. అందులో దుర్గవ్వ గుడిసె ఒక్కటే, అది తునికిబండ లెక్కలోనిది.

ఇక సమ్మె సంగతి. అవి సకల జనుల సమ్మె రోజులు. బళ్లకు తాళం, బస్సులకు తాళం, తాసీల్ ఆఫీసుకూ తాళం. తునికిబండ బడి ముందు టెంటు వేశారు. పొద్దున పది మంది దండలు వేసుకుని దీక్షలో కూర్చునేవారు, సాయంత్రానికి నిమ్మరసం తాగి లేచి ఇంటికి పోయి రెండు పూటల అన్నం ఒక్కపూటే తినేవారు. పాటలు పాడారు, నినాదాలు ఇచ్చారు, రోజులు గడిచేకొద్దీ టెంటు కింద ఆవలింతలు మొదలయ్యాయి. ఊరికే ఉండలేని మనిషి కర్ణాకర్ సారు. సమ్మెలో ఉన్న బడి సారే. సర్పంచుల గడువు తీరిపోయిందని, రేపో మాపో పంచాయతీ ఎన్నికలు వస్తాయని, వార్డులను ఎవరో ఆఫీసులో కూర్చుని గీసేకంటే మన ఊరి పటం మనమే గీసి వాళ్ల చేతిలో పెడదామని ఆయన ఆలోచన.

"తెలంగాణ హద్దులు చెప్పుమంటే బడి పోరగాండ్లు గూడ గడగడ చెప్తరు," అన్నాడాయన టెంటు ముందు నిలబడి. "తునికిబండ హద్దులు ఎవలు చెప్తరో చెప్పున్రి."

దుబ్బయ్య లేచి, తాను చెప్పను గానీ నడుస్తానన్నాడు.

బొడ్రాయి పండుగకు ఊరి చుట్టూ పొలి చల్లేది దుబ్బయ్యే. పొలి అంటే బలి నెత్తురు, పసుపు కలిపిన అన్నం. గంప నెత్తిన పెట్టుకుని, ఊరికి ఏ పీడా రాకుండా హద్దు పొడుగునా చల్లుతూ పోతాడు. ఆయన తండ్రి నడిచిన తొవ్వ, తాత నడిచిన తొవ్వ. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుందని అందరికీ అనిపించింది. పటం నేల మీద ముగ్గుతో వేసేది గనుక ఆడవాళ్లను పిలిచారు. బడి ముందర పేడనీళ్లు చల్లి, బొడ్రాయికి గుర్తుగా నడుమ రాయి పెట్టి, ఇంటికొక చింతగింజ తెమ్మన్నారు. దుబ్బయ్య ఆ జాగలోనే ఊరు ఉందనుకుని చిన్న చిన్న అడుగులతో నడవడం మొదలుపెట్టాడు. వెనకనే దుర్గవ్వ, ఇంకో ఇద్దరు ముగ్గుపిండి వదులుతూ పోయారు.

అఫ్రోజ్ పిల్లను చంకన వేసుకుని టెంటు గుంజ పక్కన నిలబడి చూస్తోంది. మాలపల్లె వచ్చింది, ఈదుల గడ్డ వచ్చింది, ఒర్రె వచ్చింది. ఒర్రె దగ్గర దుబ్బయ్య పక్కకు తిరిగి ఒర్రె వెంటే పోతున్నాడు. కొత్తిండ్లు అవతల మిగిలిపోతున్నాయి. సారు కూడా అనుమానం వచ్చి, జర ఆగు దుబ్బయ్యా అని పిలిచాడు. దుబ్బయ్య ఆగలేదు, పలకలేదు. పొలి గంప ఎత్తుకున్నవాడు వెనక్కి చూడకూడదు, మాట్లాడకూడదు, నడుమ ఆగకూడదు. నెత్తిన గంప లేకపోయినా సరే, పొలి నడక పొలి నడకే కదా. సారు మూడుసార్లు పిలిస్తే పక్కనున్న పెద్దమనుషులు సారునే ఊరుకోమన్నారు. దుబ్బయ్య మొదలుపెట్టిన చోటుకు వచ్చి గీత కలిపాకే ఊపిరి వదిలి, బీడీ అడిగాడు.

అఫ్రోజ్ చేతిలో చింతగింజ అట్లాగే ఉంది. పెట్టడానికి జాగ లేదు.

ఆమె మెల్లగా సారు దగ్గరికి పోయి అడిగింది. సారు నెత్తి గోక్కుని, అయితే మీరు మోదుగువాయి కిందికి వస్తారేమోనన్నాడు. మోదుగువాయి పొలి రోడ్డు దాటదని ఆమె చెప్పింది. నిజం తెలియాలంటే తాసీల్ ఆఫీసులో నక్షా చూడాలి. ఆఫీసుకు తాళం. రాష్ట్రం వచ్చేదాకా అది తెరుచుకోదని ఎవరో జోకు వేశారు. నవ్వులో నవ్వు కలిసిపోయి, రెండు పొలుల నడుమ పడ్డ ఇండ్ల మాట అక్కడే ఆగిపోయింది. అఫ్రోజ్ తొమ్మిదో తరగతిలో బడి మానేసింది. పదిమందిలో గట్టిగా మాట్లాడడం ఆమెకు రాదు. ఇంటికి పోయి గింజను పొయ్యి పక్కన పెట్టి, పిల్ల నుదురు ముట్టుకుంది.

తరువాతి ఆదివారం రోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, బండ్లు ఆపేయడం. మోరి దగ్గర రెండు ఊళ్లూ కలిసి చేద్దామనుకున్నాయి. ఇంటింటికీ తిరిగి పిడికెడు బియ్యం అడుగుతూ దుర్గవ్వ, అంజమ్మ కొత్తిండ్లకూ వచ్చారు. దుర్గవ్వ నెత్తిన గంప, అంజమ్మ చేతిలో సంచి.

దుర్గవ్వ వస్తూనే పిల్లను పిలిచింది. ఉమైమా అని ఆమె నాలుక తిరగదు, ఉమమ్మా అంటుంది. పిల్ల పాకుతూ పోయి ఆమె కాళ్లు పట్టుకుంది. అఫ్రోజ్ చాటలో బియ్యం తెచ్చింది. తెచ్చి, గడప మీదనే నిలబడిపోయింది. ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు, మాట వచ్చేసింది.

"పెద్దవ్వా, గీ బియ్యం ఏ ఊరియి?"

"ఏ ఊరియేందే. మనయే."

"మనయంటే ఏ ఊరియని అడుగుతున్న. మొన్న మీరేసిన ముగ్గుల మా ఇల్లు లేదు. లేని ఇంటికాడ బియ్యమెట్లడుగుతరు?"

అంజమ్మకు కోపం వచ్చింది. "ఊరంత ఒక తొవ్వైతే ఉలిపికట్టెది ఇంకో తొవ్వ," అంది. "తెలంగాణ అందరిది గాదానమ్మా? పిడికెడు బియ్యానికి గింత లెక్కనా?"

"తెలంగాణల ఉన్నమక్కా," అంది అఫ్రోజ్. "ఊర్లెనే లేం. నా బిడ్డ బిగుసుకపోయిన్నాడు నువ్వే చెప్పినవ్ గద, ఒర్రె దాటినయి నీయి గావని. గప్పుడు గాని ఇండ్లు బియ్యానికెట్లయినయి?"

అంజమ్మ సంచి మూతి మడిచి చంకన పెట్టుకుంది. లోపలి నుంచి హుస్నాబీ, ఇంటికి వచ్చినవాళ్ల ముందు పరువు తీస్తున్నావు దుల్హన్, ఆ బియ్యం పోసెయ్యి అని అరిచింది. అఫ్రోజ్ చాట వదల్లేదు. గిన్నె దొంగిలించి పట్టుబడ్డదానిలా నిలబడింది. ఇంత మాట అన్నందుకు ఇక దుర్గవ్వ కూడా తన ముఖం చూడదని, రేపు పిల్లకు ఏమన్నా అయితే ఆ ఒక్క దిక్కూ పోతుందని అప్పుడు తట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

దుర్గవ్వ గంప దించింది. మెట్టు మీద కూర్చుని, నడుము పట్టుకుని, మెల్లగా నవ్వడం మొదలుపెట్టింది.

"గీ మాట మొన్న టెంటుకాడ అంటే ఏమైతుండెనే, నా ముగ్గన్న చెడిపోకపోవు. ఇయ్యకు బిడ్డా. నేను గూడ తీస్కోను. చాట పట్టుకోని నా ఎంట రా, ఎవలకిస్తవో ఆడ్నే ఇద్దువు."

అట్లా, చంకన పిల్లతో, చేతిలో బియ్యం చాటతో అఫ్రోజ్ రోడ్డెక్కింది. వెనక అంజమ్మ ఖాళీ సంచితో నడిచింది. ఒకచోట రాళ్లు వస్తే పిల్లను తాను ఎత్తుకుంటానని చేతులు చాచింది. అఫ్రోజ్ కాసేపు ఆలోచించి ఇచ్చింది.

మోరి మీద పెద్ద సందడి. రాళ్లపొయ్యిల మీద పెద్ద పెద్ద వంట గుండీలు, పప్పుచారు వాసన, డప్పులు. ఆగిపోయిన లారీల డ్రైవర్లు కూడా దిగి విస్తరాకులు పట్టుకుని వరుసలో కూర్చున్నారు. దుర్గవ్వ నేరుగా కర్ణాకర్ సారు దగ్గరికి పోయి, ఈ పిల్ల బియ్యం ఏ ఊరి గుండీలో పొయ్యాలో నువ్వు చెప్పు, సదువుకున్నోనివి అని నిలదీసింది. సారుకు సిగ్గేసింది. అక్కడికక్కడే రోడ్డు మీద నీళ్లు చల్లించి, ఈసారి రెండు ఊళ్లనూ కలిపి పటం వేద్దామన్నాడు. మోదుగువాయి తరఫున పాత సర్పంచ్ బుచ్చిరాములు ముందుకు వచ్చాడు. చేతిలో సగం తిన్న ఆకు కూడా అట్లాగే ఉంది.

ముందు రెండు ఊళ్లవాళ్లూ కొత్తిండ్లు మావి కావంటే మావి కావన్నారు. అప్పుడు సారు, ఇండ్లను బట్టే వార్డులు, ఆ ఇండ్లు కలిసిన ఊరికి ఒక వార్డు పెరిగినా పెరగొచ్చని అన్నాడు. అనగానే గాలి మారింది. దుబ్బయ్యకు వాళ్లు ఎప్పటి నుంచో ఒర్రె దాటి తునికిబండ కిరాణానికి వస్తున్నారని గుర్తొచ్చింది. బుచ్చిరాములుకు హుస్నాబీ మామ తన తండ్రికి ఎంత దోస్తో గుర్తొచ్చింది. నల్లా వేయిస్తానన్నాడు, లైటు పెట్టిస్తానన్నాడు. నిన్నటి దాకా ఎవరికీ పట్టని ఇండ్లు, ఇవాళ పెండ్లిపిల్ల అయిపోయాయి.

అఫ్రోజ్ అందరినీ ఒకసారి చూసింది. "నల్లా సంగతి తర్వాత," అంది. "నా బిడ్డకు జొరమొస్తే ఎవలొస్తరు? గదొక్కటి చెప్పున్రి. వచ్చేటోళ్లదే మా ఊరు."

నల్లా ఇస్తామన్నంత తేలిక కాదు ఆ మాట ఇవ్వడం. చివరికి పలికింది అంజమ్మ. పిల్ల ఇంకా ఆమె చంకలోనే ఉంది, ఆమె మెడలో పూసలు నోట్లో పెట్టుకుని.

"గీతల ఉంటే నేనొస్త," అంది ఎవరి ముఖమూ చూడకుండా. "గాదినం గూడ రావాలనే ఉండె. భయమైంది."

అఫ్రోజ్ చాటలో బియ్యం తునికిబండ గుండీలో పోసి వచ్చింది. అంతే.

బుచ్చిరాములు ఊరికే ఒప్పుకునే రకం కాదు. ఇస్తే తీసుకోవాలి కదా అన్నాడు. ఒర్రె వంకరటింకరగా పోతుంది, ఏడాదికోసారి గట్టు కోస్తుంది, అది ఏం హద్దు, రోడ్డు తిన్నగా ఉంది, రోడ్డునే హద్దు పెట్టుకుందాం. మోరికి ఎగువన కొత్తిండ్లు మీకు, మోరికి దిగువన బీడు మాకు. తునికిబండ వాళ్లు ఆలోచించారు. రాళ్ల బీడు, మేకలు తప్ప ఏమీ మెయ్యవు. దుబ్బయ్య ఒక్కడే, పొలి తిరిగిన జాగను విడిచిపెడితే ఊరిదేవత అమ్మ ఊరుకోదని పేచీ పెట్టాడు. సారు ఆయనకు నచ్చజెప్పాడు: పొలి ఎప్పటిలాగే ఒర్రె వెంట తిరుగుతుంది, ఈ గీత ఓట్లకు, సూదిమందులకు మాత్రమే. దుబ్బయ్య చాలాసేపు గడ్డం గోక్కుని, అమ్మకు ఓటు లేదు గాబట్టి సరేనన్నాడు.

ఆడవాళ్లు ముగ్గు పట్టారు. ఒర్రెకు పసుపు, రోడ్డుకు ఇటుకపొడి, ఊళ్లకు తెల్లముగ్గు. చింతగింజలు పెడుతున్నారు. ఈసారి అఫ్రోజ్ తన గింజ తానే పెట్టింది, గీతకు ఇవతల, వేలితో నొక్కి మరీ పెట్టింది. లేచి నడుము సరిచేసుకుంటుంటే మోరికి దిగువన, గీతకు అవతల, ఒక్క గింజ కనపడింది. చుట్టూ ఏమీ లేదు. అది ఎవరిదో ఆమెకు అర్థమైంది. మిగతా ఎవరికీ ఇంకా అర్థం కాలేదు.

ఇప్పుడు మాట్లాడితే బేరం చెడుతుంది, గీత చెడుతుంది, అంజమ్మ ఇచ్చిన మాటా పోతుంది. పిల్ల అంజమ్మ భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. అఫ్రోజ్ వంగి, ఆ ఒంటి గింజను తీసి గీతకు ఇవతల తన గింజ పక్కన పెట్టింది.

"ఏందే, ఏం జేస్తున్నవ్?" అంది దుర్గవ్వ.

"గది నీ ఇల్లు పెద్దవ్వా. గటు వోతుంది. నువ్వు లేకుంట నాకు ఈ గీత వద్దు."

అప్పుడు చూశారు అందరూ. బుచ్చిరాములు ఆకు కింద పెట్టాడు. ఒక్క ఇల్లే కదా, పక్కకు తిప్పుదామని సారు అన్నాడు. ఒక్క ఇంటికి తిప్పితే రోడ్డు హద్దు ఎట్లా అవుతుంది, అప్పుడు బీడంతా తిప్పాల్సిందే, అట్లయితే కొత్తిండ్ల మాట మళ్లీ మొదటికి వస్తుందని బుచ్చిరాములు అన్నాడు. గొంతులు లేచాయి. దుర్గవ్వ ఎవరినీ పట్టించుకోలేదు. గింజను ఏరి, మళ్లీ పాత చోట పెట్టి, చేతులు దులుపుకుంది.

"ఇల్లు గాడుంటే గింజ గీడ పెడ్తే, ఇల్లు నడిసొస్తదానే?" అంది. "నాకేమైతది. నాకు జొరమొస్తే నా మేకలే ఒర్లుతయి. నువ్వు పిల్లలదానివి. గమ్మున ఉండు."

"పెద్దవ్వా..."

"చెప్తే ఇనవా? ఊరు మారితే నేను నీ ఇంటికి రానా? నా కాళ్లకు గీత తెలుస్తదా?"

అఫ్రోజ్ నడిరోడ్డు మీద, అందరూ చూస్తుండగా, ఆమె మెడ పట్టుకుని ఏడ్చింది. దుర్గవ్వ ఆమె వీపు తట్టి, ముగ్గు చెడుతుంది పక్కకు జరుగు అంది.

సమ్మె ముగిశాక తాళాలు తీశారు. నక్షా హద్దులు మాత్రం తామే చూసుకుంటామని అధికారులు గట్టిగా చెప్పారు. కానీ వార్డులకు, సూదిమందులకు ఏ ఇండ్లు ఎటు అన్న దగ్గర సారు ఇచ్చిన పటాన్నే ముందు పెట్టుకున్నారు. రెండు ఊళ్లూ ఒప్పుకున్న గీతను తామెందుకు కెలకాలనుకున్నారేమో. అంజమ్మ మాట తప్పలేదు. ఆ చలికాలం ఉమైమాకు జ్వరం కాస్తే, కబురు అందిన వెంటనే ఒర్రె నీళ్లలో చీర తడుపుకుంటూ వచ్చింది. మందు వేసింది, జ్వరం దిగేదాకా కూర్చుంది. ఫిట్స్ రాలేదు. హుస్నాబీ ఆమెకు చాయ్ ఇచ్చి, చక్కెర ఎక్కువైందా అని రెండుసార్లు అడిగింది.

దుర్గవ్వ మోదుగువాయి లెక్కలోకి పోయింది. అక్కడి ఆశా వర్కర్ ఒకసారి వచ్చి బీపీ గోలీలు ఇచ్చి పోయింది. ఆ ఊరి ఇండ్ల నుంచి దుర్గవ్వ గుడిసె దూరం. మళ్లీ రావడం వీలు పడినట్టు లేదు. అంజమ్మ చూడబోతే ఈసారి దుర్గవ్వే, నీ గీత దాటకు, మాట పడతావని వెనక్కి పంపింది. అందుకని రోజూ పొద్దున చాయ్ పొయ్యి మీద పెట్టి, అది కాగేలోపు అఫ్రోజే మోరి దాటి పోయేది. గోలీ మింగిందో లేదో నోరు తెరిపించి చూసేది. దుర్గవ్వ తిట్టేది, నా అత్తవా నువ్వు అని. నాలుక కింద దాచిపెట్టుకుని, అఫ్రోజ్ పోయాక మేకకు పెట్టినా పెడుతుంది, అట్లాంటి మనిషి.

ఇప్పుడు అఫ్రోజ్‌కు రెండో కాన్పు దగ్గరికి వచ్చి, దౌల్తాబాద్‌లో తల్లిగారింట్లో ఉంది. పిల్ల నుదురు, కడుపు రెండూ ముట్టుకుని చూసుకుంటూ రోజులు గడుపుతోంది. అంజమ్మ ఫోన్ నంబరు తల్లి చేత కూడా కంఠస్థం చేయించింది. అక్కడ ఇంటి దగ్గర దుర్గవ్వను చూసేవాళ్లు లేరా అంటే ఉన్నారు. షాదాబ్ పనికి పోతూ బయటి నుంచి కేకేస్తాడు, కానీ మగవాళ్లు అడిగితే ఆమె ఎప్పుడూ మంచిగనే ఉన్న అంటుంది. హుస్నాబీకి మోకాళ్లు సాగవు. పైగా దుర్గవ్వ మేక తన మునగచెట్టు మొదలు తినేసినప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అయినా సాయంత్రం వాకిట్లో కూర్చుని, ఆ ముసల్దాని గుడిసెలో పొగ లేస్తోందా అని ఎవరితోనో అన్నట్టు అడుగుతుంటుందట.

అఫ్రోజ్‌కు పొగతో నమ్మకం కుదరదు. అందుకే చెబుతున్నా. మీరు కొమురవెల్లికి పోతూ గానీ, సిద్దిపేటకు తిరిగి వస్తూ గానీ ఆ మోరి మీదుగా పోతే, ఒక్క నిమిషం బండి ఆపండి. దిగువన బీడులో ఒంటి గుడిసె కనపడుతుంది. ఆమె కూర్చోమంటే కూర్చోండి, పొద్దుటి గోలీ మింగిందా అని అడగండి, మింగానంటే ఊరికే నమ్మకండి. పిలిస్తే పలకకపోతే వెనక మేకల దొడ్డి దగ్గరికి కూడా పోయి చూడండి.